వైరు కావాలా? ఏ వైరో చెప్పి అడగండి

"అన్నా, వైరు ఉండాదా?"

తిరుపతిలో మా మామ ఎలక్ట్రికల్ అంగట్లో కూర్చోవడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది, ఇన్నేళ్లలో ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఏ వైరు అంటే "అదే అన్నా, కరెంటు వైరు" అంటారు. ఎంత సైజు అంటే "మామూలుదే" అంటారు. ఆ మామూలు వైరుతో ఇంటికి పోయి గీజరుకు కలుపుకుంటారేమోనని నాకు భయం, అందుకే కోసే ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాను, కొంతమందికి కోపం వస్తుంది కూడా. ఒకసారి చంద్రగిరి వైపు నుంచి ఒక పెద్దామె వచ్చి వైరు కావాలంటే ఎర్ర కాయిల్ తీసి చూపించాను. "ఇది కాదు నైనా, బుట్ట అల్లుకునే వైరు" అంది. ఆమె తప్పేమీ లేదు, రంగు రంగుల ప్లాస్టిక్ వైరుతో అల్లే బుట్టను కూడా మనం వైరు బుట్ట అనే అంటాం కదా. ఆమెను పక్క వీధిలో ఫ్యాన్సీ స్టోరుకు పంపాను.

ఈ ఒక్క మాట మనకు ఎన్ని పనులు చేస్తోందో చూస్తే ఎట్ల అడగాలో అదే తెలుస్తుంది. ఇంగ్లీషులో వైర్ అంటే సన్నగా సాగదీసిన లోహం, అంతే. దానికి ప్లాస్టిక్ తొడుగు ఉన్నా లేకపోయినా వైరే. మన తీగ అనే మాట సరిగ్గా దానికే సరిపోతుంది, కాకపోతే మనకు మల్లెతీగ, వీణతీగ, కరెంటు తీగ అన్నీ తీగలే. తంతి అన్నా అదే. తపాలా శాఖను తంతి తపాలా శాఖ అనేవాళ్లు, తాతల కాలంలో "ఊరి నుంచి వైరొచ్చింది" అంటే టెలిగ్రాం వచ్చిందని అర్థం, ఇంట్లో అందరి గుండెలూ ఆగినంత పనయ్యేది. ఆ టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ఇప్పుడు అమెరికాలో ఉన్న కొడుకు "డబ్బు వైర్ చేశాను" అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు పంపాడని, అందులో కొనాల్సిన వైరేమీ లేదు.

కేబుల్ అంటే ఒకటి కంటే ఎక్కువ వైర్లను ఒకే తొడుగు కింద పెట్టింది. ఆ లోపలి ఒక్కో వైరును కోరు అంటాం, టూ కోరు, త్రీ కోరు అనేది అందుకే. మన ఇళ్లలో మాత్రం కేబుల్ అంటే టీవీ కనెక్షనే, "కేబుల్ రావడం లేదు" అంటే ఛానళ్లు రావడం లేదని. ఇక కార్డ్ అంటే మిక్సీకి, ఇస్త్రీ పెట్టెకు ఉండే మెత్తటి, వంగే వైరు, చివర పిన్నుతో సహా. ఇవన్నీ మనకు వైర్లే. అట్ల పిలవడంలో తప్పు లేదు, కానీ అంగడికి వచ్చినప్పుడు వైరు అనే మాటకు ముందు ఇంకో మాట చేర్చాలి. ఇంటి వైరింగ్ వైరా, మిక్సీ వైరా, బోరు వైరా, సర్వీసు వైరా, ఛార్జింగ్ వైరా, నెట్ వైరా. ఆ తర్వాత దాని మీద ఏం నడుస్తుందో, ఎంత దూరం పోవాలో చెప్పండి. ఈ మూడూ చెప్తే బ్రాండు తప్ప ఇంకేమీ అడగాల్సిన పని ఉండదు.

ఇంటి వైరింగ్ దగ్గర రోంత నిదానంగా చెప్తాను, ఎక్కువ డబ్బు, ఎక్కువ ప్రమాదం రెండూ అక్కడే ఉన్నాయి. గోడల్లో పైపుల్లోంచి పోయే వైరును స్క్వేర్ ఎంఎంలో కొలుస్తారు, అది లోపలి రాగిని అడ్డంగా కోస్తే ఎంత వైశాల్యం ఉంటుందో చెప్పే లెక్క, పైన ప్లాస్టిక్ ఎంత లావుగా ఉన్నా దానికి సంబంధం లేదు. లైట్లకు, ఫ్యాన్లకు 1 లేదా 1.5 చాలు. ఫ్రిజ్, గ్రైండరు, వాషింగ్ మెషీన్ పెట్టే పెద్ద పవర్ ప్లగ్గుకు 2.5. ఏసీకి 4 వేయించుకోండి, గీజరుకు 2.5 సరిపోయినా బోర్డు నుంచి దూరం ఎక్కువుంటే 4 మంచిది. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, అదే ఒక ఎల్ఈడీ బల్బు అయితే ఆంపియర్‌లో పదో వంతు కూడా లాగదు. రెండింటికీ ఒకే వైరు అంటే ఎట్ల కుదురుతుంది?

మీ ఇంటికి పనిచేసేది పాత తరం వైర్‌మన్ అయితే చీటీలో 1/18, 3/20, 7/20 అని రాసిస్తాడు. కంగారు పడొద్దు. ముందు అంకె లోపల ఎన్ని పోగులో చెప్తుంది, రెండో అంకె గేజి. గేజి అంకె పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది, ఇదొక్కటి తలకిందులుగా గుర్తుపెట్టుకోవాలి. 3/20 అంటే సుమారు 2 స్క్వేర్ ఎంఎం, 7/22 అంటే 2.5 కంటే కొంచెం ఎక్కువ, 7/20 అంటే 4 దాటి నాలుగున్నర దాకా వస్తుంది. మెత్తటి ఫ్లెక్సిబుల్ వైరును 23/76, 40/76 అంటారు, 23 పోగులు, ఒక్కో పోగు 0.0076 అంగుళాల మందం అని. 23/76 బల్బు హోల్డరుకు వేలాడదీయడానికి, చిన్న టేబుల్ ఫ్యానుకు పనికొస్తుంది. దాన్నే ఇస్త్రీ పెట్టెకు వేయమని అడిగేవాళ్లకు నేను ఇవ్వను, ఎంత గట్టిగా అడిగినా ఇవ్వను.

కాయిల్ సాధారణంగా 90 మీటర్లు వస్తుంది. పెట్టె మీదే కాదు, వైరు మీద కూడా సైజు, ఐఎస్ఐ గుర్తు, ఈ వైర్లకు ఉండే భారత ప్రమాణం ఐఎస్ 694 అనే అంకె అచ్చువేసి ఉంటాయి, చదవండి. ఎఫ్ఆర్ అని ఉంటే మంట అంటుకున్నా వైరు వెంబడి పాకదని, ఎఫ్ఆర్ఎల్ఎస్ అని ఉంటే మంటతో పాటు పొగ కూడా తక్కువని. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ కోసం లక్షలు ఖర్చుపెట్టి వైరు దగ్గర బేరమాడితే నాకు నిజంగా బాధేస్తుంది, టైల్ పగిలితే మార్చుకోవచ్చు, గోడలో వైరు కాలితే గోడ పగలగొట్టాలి.

రంగుల సంగతి. ఎరుపు, పసుపు, నీలం ఫేజుకు, అంటే కరెంటు వచ్చే వైరుకు. నలుపు న్యూట్రల్‌కు, అంటే కరెంటు తిరిగి పోయే వైరుకు. ఆకుపచ్చ ఎర్త్‌కు, అంటే లీకైన కరెంటును భూమిలోకి పంపే వైరుకు, ఇంక దేనికీ కాదు. మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను. నేను స్కూల్లో ఉన్నప్పుడు మేడ మీద గదికి లైను లాగుతుంటే ఎర్ర వైరు అయిపోయిందని ఆ వైర్‌మన్ మిగిలిన ఆకుపచ్చ వైరుతోనే ఫేజు లాగేశాడు. నాలుగేళ్ల తర్వాత వంటింట్లో కొత్త ప్లగ్గు పెట్టడానికి ఇంకొకాయన వచ్చాడు, బాక్సులో ఆకుపచ్చ వైరు కనపడింది, ఎర్త్ అనుకుని ప్లగ్గు పై బొక్కకు కలిపి వెళ్లిపోయాడు. సాయంత్రం అమ్మ ఇడ్లీ పిండికి గ్రైండరు వేసి దాని స్టీలు డొక్కు మీద చెయ్యి పెట్టింది. కాళ్లకు చెప్పులు ఉన్నాయి కాబట్టి కరెంటు అమ్మను విసిరికొట్టి వదిలేసింది. ఈ రోజుకీ ఎవరైనా "ఆకుపచ్చ కాయిల్ ఒకటి మిగిలిందన్నా, దాన్నే వాడేస్తాం" అంటే నేను కౌంటరు వదిలి లేచి వెళ్లి చెప్పొస్తాను.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది, బాగా చదువుకున్నవాళ్లు కూడా పొరపాటు పడతారు. మిక్సీ, టీవీ, వాషింగ్ మెషీన్ లాంటి వాటి కార్డులో గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చారలున్నది ఎర్త్. అంటే గోడలో నీలం ఫేజు కావచ్చు, మిక్సీ కార్డులో నీలం న్యూట్రల్. పిన్ను టాప్, అంటే కార్డు చివర గోడ ప్లగ్గులో పెట్టే పిన్ను, మార్చేటప్పుడు గుర్తుంచుకోండి, పిన్నులో పెద్ద కాలుకు వెళ్లేది ఎర్త్ ఒక్కటే. పెద్ద కాలు ప్లగ్గులో పట్టడం లేదని దాన్ని విరిచేసేవాళ్లను చూశాను, ప్రాణం కాపాడే కాలు అది. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు, ఒకటి పెట్టించుకుంటే కరెంటు మనిషిలోంచి భూమికి దారి వెతుక్కునేసరికే ట్రిప్ అవుతుంది. మా ఇంట్లో అమ్మకు షాక్ కొట్టిన వారంలోనే నాన్న పెట్టించారు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనేటప్పుడు దాని మీద ఎన్ని ప్లగ్గులున్నాయో చూడకండి, వైరు మీద 3 కోరు అని ఉందా, ఎన్ని స్క్వేర్ ఎంఎం అని ఉందో చూడండి. 0.75 రాసి ఉంటే ఫోను, ల్యాప్‌టాప్, టీవీకి పెట్టుకోండి, గీజరు, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె జోలికి పోవద్దు. బాగా పొడుగున్న దాన్ని చుట్ట విప్పకుండా బరువైన లోడు పెడితే వేడి బయటికి పోక చుట్ట మధ్యలో కరుగుతుంది, పెళ్లిళ్లలో, గంగ జాతరకు లైట్లు కట్టేటప్పుడు ఇది తరచుగా చూస్తాం. ఇస్త్రీ పెట్టె వైరు మీద నూలు అల్లిక ఎందుకుంటుందో తెలుసా, మామూలు ప్లాస్టిక్ వేడి పలకకు తగిలితే కరిగి రాగి బయటపడుతుంది. అందుకే ఇస్త్రీ వైరు పాడైతే "ఇస్త్రీ పెట్టె వైరు" అనే అడగండి.

బోరు వైరుకొస్తే, పాకాల, పుంగనూరు, పలమనేరు రైతులకు నేను చెప్పాల్సింది తక్కువే, వాళ్లకు బాగా తెలుసు, కానీ పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ నాన్న పొలానికి వైరు కొనడానికి వచ్చే పిల్లలకు తెలియదు. సబ్‌మెర్సిబుల్ మోటారుకు వాడేది బల్లపరుపుగా ఉండే త్రీ కోరు కేబుల్, ఎరుపు, పసుపు, నీలం. బోరు గోడకు వేసే కేసింగు గొట్టానికి, నీళ్ల పైపుకు మధ్య సందు తక్కువ కాబట్టి గుండ్రంగా కాక బల్లపరుపుగా చేస్తారు. మన జిల్లాలో వెయ్యి అడుగుల బోరు వింత కాదు. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు, ఆ దూరానికి 2.5 రాగి వైరులో ఒక్కో కోరుకు రెండు ఓమ్‌లకు పైగా నిరోధం, 4 అయితే 1.4 దగ్గర ఆగుతుంది. నిరోధం ఎక్కువైతే పైన 415 వోల్టులున్నా కింద మోటారుకు అంత అందదు, వోల్టేజి తగ్గేకొద్దీ అది ఎక్కువ కరెంటు లాగి వేడెక్కి వైండింగ్ కాలుతుంది. కాబట్టి బోరు వైరు అడిగేటప్పుడు మోటారు ఎన్ని హెచ్‌పీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఎన్ని అడుగుల్లో దించారు, బోరు నుంచి స్టార్టరు దాకా ఎంత దూరం, ఇవి ఒక కాగితం మీద రాసుకుని రండి. చాలామంది ఆ చివరిది మర్చిపోతారు, లోతు ఒక్కటే చెప్తారు. జాయింటు లేని ఒకే ముక్క దొరికితే నాలుగు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి, నీళ్లలో జాయింటు ఎప్పటికైనా ఇబ్బందే.

ఇంటి బయట వైర్ల గురించి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చేది సర్వీసు వైరు, ఎక్కువగా అల్యూమినియంతో ఉంటుంది. దాన్ని మీరు గానీ మీ వైర్‌మన్ గానీ స్తంభం ఎక్కి కలపకూడదు, అది లైన్‌మన్ పని. తెగితే, వేలాడుతుంటే 1912కు ఫోన్ చేయండి. మనకు కరెంటు సరఫరా చేసే సంస్థ దక్షిణ డిస్కమ్ కేంద్ర కార్యాలయం తిరుపతిలోనే ఉంది, సెక్షన్ ఆఫీసుకు వెళ్లి చెప్పినా సరే. ఇంకోటి, దండెం. బట్టలు ఆరేయడానికి జీఐ తీగ, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగ కట్టి దాని ఒక కొసను సర్వీసు వైరు పోయే రేకుల షెడ్డుకో ఇనుప పైపుకో కడతారు. సర్వీసు వైరు తొడుగు ఎండకు పగిలి, వానకు తడిసి, ఆ పైపుకు తాకితే దండెం మొత్తం కరెంటే. తడి బట్టలతో చెయ్యి పెట్టేది మన ఆడవాళ్లు. దండేనికి నైలాన్ తాడు కట్టండి, ఇది ఒక్కటి ఈ రోజే చేయండి.

అడవి పందుల కోసమని పొలం చుట్టూ సన్న తీగ కట్టి కరెంటు ఇస్తామని వైరు అడిగితే నేను అమ్మను. అది నేరం, పైగా కుప్పం, పలమనేరు వైపు ఏనుగులు అట్ల చనిపోయాయి, రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనుషులూ పోయారు.

జీఐ వైరు, బైండింగ్ వైరు, ముళ్ల తీగ, ఇవి హార్డ్‌వేర్ అంగళ్లలో కిలోల లెక్కన దొరుకుతాయి, మా దగ్గర కాదు. ఫ్యూజు వైరు మా దగ్గరే. పాత ఇళ్లలో ఫ్యూజు వైరు కట్టే పింగాణీ కటౌట్లు ఇంకా ఉన్నాయి, ఫ్యూజు పోతే పక్కనున్న వైరులోంచి ఒక రాగి పోగు పీకి కడతారు. ఫ్యూజు వైరు పని కాలిపోవడమే, అది కాలకపోతే ఇల్లు కాలుతుంది. ఎన్ని ఆంపియర్లదో చెప్పి అడగండి.

చిన్న వైర్లలో ఛార్జింగ్ వైరే ఎక్కువ గొడవ. కొత్త స్మార్ట్‌ఫోన్లలో దాదాపు అన్నిటికీ వచ్చేది టైప్ సీ, ఎటు తిప్పి పెట్టినా పడుతుంది, ఐఫోను కూడా 2023లో వచ్చిన 15 నుంచి దానికే మారింది. కానీ మూతి ఒకటే అయినంత మాత్రాన వైర్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో ఛార్జింగ్ పోగులే ఉంటాయి, ఫోటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే ఎక్కవు, కాబట్టి "డేటా కూడా పోవాలి" అని చెప్పి తీసుకోండి. రెండు వైపులా సీ ఉన్న మామూలు వైరు 60 వాట్ల దాకా మోస్తుంది, పెద్ద ల్యాప్‌టాపుకు 100 వాట్లు కావాలంటే లోపల చిప్ ఉన్న వైరు కావాలి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ ఛార్జరుకు గోడ వైపు వచ్చే వైరు అడగాలంటే మూడు ఆకులు కలిసినట్టు మూడు బొక్కలున్నది అని చెప్పండి, పాత టేప్‌రికార్డరుదైతే 8 అంకెలాంటిది, డెస్క్‌టాప్‌దైతే మూడు పిన్నుల వెడల్పాటిది. ఫోనులో ఫోటో తీసి చూపిస్తే ఇంకా సులువు.

నెట్ వైరులో మళ్లీ రెండు రకాలు. రూటరు నుంచి కంప్యూటర్‌కు పోయేది రాగి వైరు, లోపల ఎనిమిది పోగులు జతలు జతలుగా మెలిపెట్టి ఉంటాయి, క్యాట్ 5ఈ, క్యాట్ 6 అంటారు, 100 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఇందులో మోసం ఎక్కువ, అల్యూమినియం పోగుకు పైన రాగి పూత పూసి అమ్ముతారు. బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే అది రాగి కాదు. వీధిలోంచి ఇంట్లోకి వచ్చే సన్నటి ఫైబర్ మాత్రం వైరే కాదు, గాజు పోగు, మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం, కరెంటు కాక వెలుతురు పోతుంది అందులో. దాన్ని మేకు చుట్టూ బిగించి మడిస్తే విరుగుతుంది, విరిగితే టేపు చుట్టినా లాభం లేదు, మిషన్ పెట్టి అతికించాల్సిందే. డిష్ నుంచి టీవీ బాక్సుకు వచ్చే గుండ్రటి వైరు ఆర్‌జీ 6, ఆ పేరు చెప్తే చాలు.

చివరగా పొడవు. కోసిన వైరును ఏ అంగట్లోనూ వాపసు తీసుకోరు, మేమూ తీసుకోం, అందుకే కొలిచి రండి. స్విచ్ బోర్డు నుంచి పైకి, గోడ వెంబడి, మళ్లీ కిందికి, వైరు ఏ దారిలో పోతుందో ఆ దారి మొత్తం కొలవాలి, నేరుగా గాల్లో కాదు. రెండు కొసల దగ్గర అడుగు అడుగు వదులు పెట్టుకోండి. టేపు లేకపోతే ఒక పురికొస తాడును ఆ దారి వెంబడి పరిచి, అక్కడికి కోసి, ఆ తాడునే చుట్టి జేబులో వేసుకుని రండి. మేం దాన్ని కౌంటరు మీద స్కేలుకు ఆనించి కొలిచి అంతే కోసిస్తాం.